కాంతి వక్రీభవనం

గాలిలోంచి నీటిలోకి, నీటిలోంచి గాజులోకి, ఇలా ఒక పారదర్శక పదార్థంలోంచి మరో దానిలోకి కాంతి ఏటవాలుగా దిగినప్పుడు, రెండూ కలిసే చోట దాని దారి మారుతుంది. దీనినే వక్రీభవనం అంటారు. పేరులో వక్రత ఉంది గాని, కాంతి మామూలుగా విల్లులా వంగదు. సరిహద్దు దగ్గర ఒక్కచోట విరిగి, ఆ తరవాత మళ్లీ తిన్నగానే పోతుంది. నిజంగా విల్లులా వంగే సందర్భాలూ ఉన్నాయి. ఎండమావి అందులో ఒకటి.

దారి మారడం పైకి కనిపించేది మాత్రమే. అసలు మార్పు వేగంలో జరుగుతుంది. శూన్యంలో కాంతి వేగం సెకనుకు 2,99,792.458 కిలోమీటర్లు. ఇది ఎంత ఖాయమైన సంఖ్య అంటే, 1983 నుంచి మీటరు పొడవును దీని ఆధారంగానే నిర్వచిస్తున్నారు. అదే కాంతి నీటిలో సుమారు 2,25,000 కిలోమీటర్ల వేగంతోను, మామూలు గాజులో 2 లక్షలకు కాస్త అటూ ఇటూగాను, వజ్రంలో 1,24,000 కిలోమీటర్ల వేగంతోను సాగుతుంది. శూన్యంలోని వేగం పదార్థంలోని వేగానికి ఎన్ని రెట్లో చెప్పే సంఖ్య ఆ పదార్థపు వక్రీభవన గుణకం. గాలికి అది 1.0003, మంచుగడ్డకు 1.31, నీటికి 1.33, కిరోసిన్‌కు 1.44, గ్లిజరిన్‌కు 1.47, కిటికీ అద్దానికి 1.52, కెంపుకు 1.77, వజ్రానికి 2.42.

ఈ పట్టీలో కిరోసిన్‌ను ఒకసారి గమనించాలి. మన బడి పుస్తకాలు గుణకం ఎక్కువున్న పదార్థాన్ని 'సాంద్రతర యానకం' అంటాయి. కిరోసిన్ నీటి మీద తేలుతుంది, అంటే నీటికన్నా తేలిక. అయినా కాంతిని నీటికన్నా ఎక్కువ నెమ్మదింపజేసేది అదే. ఇక్కడ సాంద్రత అంటే బరువుకు సంబంధించినది కాదు. ఈ మాట తెచ్చిన గందరగోళంతోనే చాలామంది పదో తరగతి దాటుతారు. 'నెమ్మది యానకం' అని పేరు పెట్టి ఉంటే సరిపోయేది.

కాంతి వేగంగా పోయే చోటునుంచి నెమ్మదిగా పోయే చోటుకు వస్తే లంబం వైపు, అంటే సరిహద్దుకు నిటారుగా ఉండే గీత వైపు జరుగుతుంది. నెమ్మది చోటునుంచి వేగపు చోటుకు వస్తే లంబానికి దూరంగా జరుగుతుంది. సరిహద్దుకు నిటారుగా దిగితే దారి మారదు, వేగం మాత్రం మారుతుంది. నీటిలోంచి గాలిలోకి వచ్చే కాంతి ఇలా లంబానికి దూరంగా జరగడమే బావి లోతు తక్కువగా కనిపించడానికి కారణం. నేరుగా కిందికి చూస్తే నాలుగు మీటర్ల నీరు మూడు మీటర్లే అనిపిస్తుంది. గట్టున నిలబడి ఏటవాలుగా చూస్తే ఇంకా తక్కువ అనిపిస్తుంది. తేటగా ఉన్న చెరువులో అడుగు కనిపిస్తోంది కదా అని దిగేవాళ్లు గుర్తుంచుకోవలసిన లెక్క ఇది.

నియమం కోసం పదిహేను వందల ఏళ్లు

గిన్నె అడుగున పెట్టిన నాణెం అంచు చాటున కనిపించకుండా పోవడం, నీళ్లు పోయగానే పైకి తేలినట్టు కనబడడం గ్రీకులకు తెలుసు. క్రీ.శ. 2వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో టాలెమీ దీనిని కొలతల్లో పెట్టాడు. కాంతి గాలిలో 10, 20, 30 ఇలా 80 డిగ్రీల దాకా కోణాలు చేసినప్పుడు నీటిలో ఎంత కోణం వస్తుందో పట్టిక రాశాడు. 60 డిగ్రీలకు ఆయన రాసిన 40.5 ఇప్పటి లెక్కకూ సరిపోతుంది. 80 డిగ్రీలకు రాసిన 50 మాత్రం రెండు డిగ్రీలకు పైగా తప్పు. పట్టికను పరీక్షగా చూస్తే ఒక విషయం బయటపడుతుంది. ఒక్కో మెట్టుకు వచ్చే పెరుగుదల సరిగ్గా అరడిగ్రీ చొప్పున తగ్గుతూ పోతుంది. నిజమైన కొలతలు అంత ముచ్చటగా రావు. మనసులో ఒక సూత్రం అనుకొని అంకెలను దానికి అనుగుణంగా సర్దాడని అనుమానించక తప్పదు.

అసలు సంబంధం కోణాల మధ్య లేదు, వాటి సైన్ విలువల మధ్య ఉంది. పతన కోణపు సైన్‌ను వక్రీభవన కోణపు సైన్‌తో భాగిస్తే, ఆ రెండు పదార్థాలకు ఎప్పుడూ ఒకే సంఖ్య వస్తుంది. దీనిని ఇప్పుడు స్నెల్ నియమం అంటున్నాం. నిజానికి 984లో బాగ్దాద్‌లో ఇబ్న్ సహల్ అనే గణితజ్ఞుడు కటకాలు, కాల్చే అద్దాల మీద రాసిన గ్రంథంలో దీనికి సమానమైన జ్యామితి ఉంది. ఆ రాతప్రతి ముక్కలు టెహ్రాన్‌లో కొంత, డమాస్కస్‌లో కొంత పడి ఉండగా, చరిత్రకారుడు రుష్దీ రాషెద్ వాటిని కలిపి చూసి 1990లో ఈ సంగతి ప్రకటించాడు. ఇంగ్లండులో థామస్ హారియట్ 1602 నాటికే నియమాన్ని కనిపెట్టి అచ్చువేయలేదు. కెప్లర్‌తో ఉత్తరాలు నడిపినా అసలు గుట్టు చెప్పలేదు. లైడెన్‌లో విల్‌బ్రార్డ్ స్నెల్ 1621లో కనిపెట్టాడు, ఆయనా ప్రచురించకుండానే పోయాడు. 1637లో దెకార్త్ తన పుస్తకంలో వేశాక గాని లోకానికి తెలియలేదు. ఫ్రాన్సులో ఇప్పటికీ దెకార్త్ పేరు జతచేయకుండా ఈ నియమాన్ని చెప్పరు.

చూడండి, కళ్లజోళ్లు 13వ శతాబ్దం చివరలోనే ఇటలీలో వచ్చాయి. దూరదర్శిని 1608లో వచ్చింది. నియమం తెలియకుండానే అద్దాలు సానపట్టేవాళ్లు పని కానిచ్చేశారు.

వడి పెరుగుతుందా, తగ్గుతుందా?

నియమం దొరికాక కారణం మీద రెండు శతాబ్దాల తగువు నడిచింది. విచిత్రం ఏమిటంటే, పరస్పరం పొసగని రెండు కారణాలూ అదే నియమాన్ని ఇచ్చాయి.

దెకార్త్, ఆయన తరవాత న్యూటన్, నీటిలో కాంతి వేగం పెరుగుతుందన్నారు. న్యూటన్ దృష్టిలో కాంతి కణాల ప్రవాహం. నీటి దగ్గరికి రాగానే పదార్థం ఆ కణాలను లోపలికి లాగుతుంది, కిందికి పోయే వేగం పెరుగుతుంది, కాబట్టి దారి లంబం వైపు తిరుగుతుంది. లెక్క సరిగ్గా సైన్ నియమానికే వస్తుంది.

1662లో ఫెర్మా దీనికి ఎదురు చెప్పాడు. నీటిలో కాంతి నెమ్మదిస్తుందని, ఒక చోటినుంచి మరో చోటికి అతి తక్కువ సమయం పట్టే దారినే అది ఎంచుకుంటుందని ఆయన వాదన. పొలం గట్టు మీద ఉన్న మనిషి అవతల మడి మధ్యలో నాటు వేస్తున్నవాళ్లకు అన్నం క్యారియరు అందించాలనుకోండి. గట్టు మీద నడక వేగంగా సాగుతుంది, మోకాలి లోతు బురదలో సాగదు. తిన్నగా గీత గీసినట్టు పోతే బురదలో ఎక్కువ దూరం నడవాలి. కాస్త ఎక్కువ దూరం గట్టున నడిచి, బురదలో తక్కువ దూరం ఉండేలా దిగితే తొందరగా చేరతాడు. ఎక్కడ దిగాలో లెక్క కట్టి చూస్తే వచ్చేది స్నెల్ నియమమే. గమ్యం ఎక్కడో కాంతికి ముందే ఎలా తెలుసని దెకార్త్ శిష్యులు ఫెర్మాను ఎగతాళి చేశారు. అడగవలసిన ప్రశ్నే అది.

1690లో హ్యూగెన్స్ ఇచ్చిన తరంగ వివరణలో ఆ చిక్కు లేదు. పదిమంది ఒక తాడు పట్టుకొని వరసగా మడివైపు ఏటవాలుగా నడుస్తున్నారనుకుందాం. ముందు బురదలో దిగినవాళ్లు వెనకబడతారు, ఇంకా గట్టి నేల మీద ఉన్నవాళ్లు పాత వేగంతోనే వస్తుంటారు. అందరూ దిగేసరికి తాడు తిరిగిపోయి ఉంటుంది, వరస నడిచే దిక్కు మారి ఉంటుంది. ఎవరికీ గమ్యం తెలియనక్కర్లేదు. తరంగపు అంచు చేసేది ఇదే పని.

ఎవరిది నిజమో తేల్చాలంటే నీటిలో కాంతి వేగాన్ని గాలిలోని వేగంతో పోల్చి చూడాలి. న్యూటన్ పేరు ముందు హ్యూగెన్స్ మాట వందేళ్లకు పైగా వెనకబడే ఉండిపోయింది. 1838లో ఫ్రాన్సులో అరాగో తిరిగే అద్దంతో ఈ పరీక్ష చేయవచ్చని సూచించాడు గాని, ఆయన చూపు మందగించింది. 1850లో లియోన్ ఫూకో ఆ పని చేశాడు. సెకనుకు వందలసార్లు తిరిగే చిన్న అద్దం మీదికి కాంతిని పంపి, ఒక దారిని గాలిలోంచి, రెండో దారిని నీళ్లు నింపిన గొట్టంలోంచి పోనిచ్చి తిరిగి అదే అద్దానికి రప్పించాడు. కాంతి పోయి వచ్చేలోగా అద్దం రవంత తిరిగి ఉంటుంది, ఆలస్యం ఎంత ఎక్కువైతే ప్రతిబింబం అంత పక్కకు జరుగుతుంది. నీటిలోంచి వచ్చిన ప్రతిబింబమే ఎక్కువ జరిగింది. కొద్ది వారాల్లో ఫీజో కూడా అదే ఫలితం చూపించాడు. ఫెర్మా, హ్యూగెన్స్‌ల మాట నెగ్గింది.

నెమ్మది ఎక్కడినుంచి వస్తుంది?

పరమాణువులు కాంతిని మింగి, కాసేపాగి, తిరిగి ఉమ్ముతాయని, ఆ ఆగడాల వల్ల ఆలస్యమవుతుందని ఒక వివరణ చాలాచోట్ల వినిపిస్తుంది. చెప్పడానికి తేలికే గాని సరైంది కాదు. అలా మింగి ఉమ్మితే కాంతి నలుదిక్కులా చెదిరిపోవాలి, గాజులోంచి అవతలి బొమ్మ ఇంత స్పష్టంగా కనిపించకూడదు.

జరిగేది ఇది. కాంతి విద్యుదయస్కాంత తరంగం. అది పదార్థంలోకి రాగానే పరమాణువుల్లోని ఎలక్ట్రాన్లను తన తాళానికి ఊపుతుంది. ఊగే ఎలక్ట్రాన్ తానూ ఒక చిన్న తరంగాన్ని పుట్టిస్తుంది. కోట్లాది ఎలక్ట్రాన్ల తరంగాలు మూల తరంగంతో కలిసినప్పుడు, ఆ మొత్తం తరంగపు శిఖరాలు ఒక్కో పొరకు కొద్దికొద్దిగా వెనకబడతాయి. మనం 'తగ్గిన వేగం' అని కొలిచేది ఈ వెనకబాటునే. విడివిడిగా చూస్తే ప్రతి తరంగమూ శూన్యంలోని వేగంతోనే పోతోంది. అద్దం అవతలికి రాగానే కాంతి పాత వేగాన్ని ఎలా అందుకుంటుంది, ఎవరు నెట్టారు అన్న ప్రశ్నకూ ఇందులోనే జవాబుంది. ఎవరూ నెట్టనక్కర్లేదు. అడ్డు తగిలే ఎలక్ట్రాన్లు అక్కడ లేవు, అంతే.

ఎలక్ట్రాన్లు ఊగేది వచ్చిన తరంగపు తాళానికే కాబట్టి కాంతి పౌనఃపున్యం మారదు. వేగం తగ్గినమేర తరంగదైర్ఘ్యం కుంచించుకుపోతుంది. గాలిలో 600 నానోమీటర్లున్న కాంతి నీటిలో 450 నానోమీటర్లవుతుంది. అది గాలిలో నీలానికి చెందిన తరంగదైర్ఘ్యం. అయినా నీళ్లలో ముంచిన నారింజరంగు చీర నీలంగా మారదు, ఎందుకంటే కంటికి రంగును తెలిపేది పౌనఃపున్యం.

గుణకంలో తేడా లేకపోతే వస్తువు కనిపించదు. పైరెక్స్ గాజు కడ్డీని గ్లిజరిన్‌లో ముంచితే మునిగిన భాగం మాయమవుతుంది. రెండింటి గుణకమూ దాదాపు 1.47. మిరపకాయ బజ్జీలు కట్టిన కాగితం నూనె అంటినచోట అవతలి అక్షరాలు కనిపించేలా మారడం కూడా ఇదే కిటుకు. పొడి కాగితంలో నారకు, దాని సందుల్లోని గాలికి మధ్య అడుగడుగునా కాంతి విరిగి చెదురుతుంది, అందుకే తెల్లగా ఉంటుంది. గాలి చోటును నూనె ఆక్రమిస్తే నారకూ నూనెకూ గుణకంలో పెద్ద తేడా ఉండదు, కాంతి చెదరకుండా దాటిపోతుంది.

రంగులు విడిపోవడం

గాజులోని ఎలక్ట్రాన్లకు సహజమైన ఊపు అతినీలలోహిత కాంతి పౌనఃపున్యాల దగ్గర ఉంటుంది. దృశ్యకాంతిలో ఊదారంగు దానికి దగ్గర, ఎరుపు దూరం. అందుకే ఊదా ఎక్కువ నెమ్మదిస్తుంది, ఎక్కువ విరుగుతుంది. నీటి గుణకం ఎరుపుకు 1.331 అయితే ఊదాకు 1.343. ఇంత చిన్న తేడాయే హరివిల్లును విప్పుతుంది. చినుకులో ఒకసారి విరిగి, వెనకవైపు పరావర్తనం చెంది, బయటికి వస్తూ మళ్లీ విరిగిన కాంతిలో, సూర్యుడికి సరిగ్గా ఎదురుగా ఉన్న బిందువునుంచి ఎరుపు దాదాపు 42 డిగ్రీల దగ్గర, ఊదా 40 డిగ్రీల దగ్గర పోగవుతాయి. సూర్యుడు 42 డిగ్రీలకన్నా పైకెక్కితే నేలమీద నిలబడినవాళ్లకు ఆకాశంలో హరివిల్లు కనిపించదు. మధ్యాహ్నపు వానలో అది కనబడకపోవడానికి కారణం ఇదే.

కటకాలు చేసేవాళ్లకు ఈ రంగుల విడిపోవడం పెద్ద బెడద. నక్షత్రం చుట్టూ రంగుల అంచు ఏర్పడుతుంది. దీనికి మందు లేదని నమ్మిన న్యూటన్ కటకాన్ని వదిలి అద్దంతో దూరదర్శిని చేశాడు. ఆయన పొరబడ్డాడు. క్రౌన్, ఫ్లింట్ అనే రెండు రకాల గాజుల కటకాలను జతచేస్తే ఒకదాని దోషం మరొకటి చాలావరకు దిద్దుతుందని చూపించి, జాన్ డాలండ్ 1758లో పేటెంటు పొందాడు. హైదరాబాద్‌లో నవాబ్ జఫర్ జంగ్ 1901లో ఇంగ్లండునుంచి తెప్పించిన 15 అంగుళాల గ్రబ్ దూరదర్శిని కటకాలతో పనిచేసేదే. ఆయన నెలకొల్పిన నిజామియా వేధశాల, తన 8 అంగుళాల కుక్ కెమెరా దూరదర్శినితో అంతర్జాతీయ నక్షత్ర పట్టిక కోసం ఆకాశంలో ఒక పట్టీనంతా ఫొటోలు తీసింది.

సరిహద్దు దాటలేని కాంతి

నెమ్మది పదార్థంలోంచి వేగపు పదార్థంలోకి కాంతి మరీ ఏటవాలుగా వస్తే బయటపడలేదు, మొత్తం లోపలికే తిరుగుతుంది. ఇది సంపూర్ణాంతర పరావర్తనం. అది మొదలయ్యే సందిగ్ధ కోణం నీటికి 48.6 డిగ్రీలు, గాజుకు సుమారు 42, వజ్రానికి 24.4 మాత్రమే. వజ్రంలో చిక్కిన కాంతికి బయటపడే వాకిలి ఇరుకు. ముఖాలు సరైన కోణాల్లో చెక్కితే, పైనుంచి వచ్చిన కాంతి అడుగు ముఖాల మీద రెండుసార్లు తిరిగి పైనుంచే మెరుస్తూ బయటికొస్తుంది.

కోణం కుదరకపోతే ఎంత గొప్ప రాయైనా వెలవెలబోతుంది. కృష్ణాతీరంలోని కొల్లూరు గనిదని ఎక్కువమంది నమ్మే కోహినూరు కథే ఇందుకు సాక్ష్యం. 1851 లండన్ ప్రదర్శనలో దానిని చూడడానికి ఎగబడిన జనం మెరుపు లేదని పెదవి విరిచారు. మొగలాయి పద్ధతిలో బరువు పోకుండా పైపైన చెక్కిన రాయి అది. మరుసటి ఏడు తిరిగి సానపట్టించారు. సుమారు 190 క్యారట్లున్నది 105.6 క్యారట్లకు దిగింది. వెలుగు కోసం బరువులో నలభై శాతానికి పైగా వదులుకున్నారన్నమాట. దానికీ ఆల్బర్ట్ యువరాజు పూర్తిగా తృప్తిపడలేదంటారు. వజ్రానికి ఏ కోణాలు మేలో గణితంతో తేల్చిన మార్సెల్ టోల్కోవ్‌స్కీ పుస్తకం 1919లో గాని రాలేదు.

అదే సూత్రం ఇప్పుడు ఇంటింటికీ ఇంటర్నెట్ తెస్తోంది. ఆప్టికల్ ఫైబరులో లోపలి గాజు గుణకం బయటి తొడుగుకన్నా ఒక శాతం లోపే ఎక్కువ. కాంతి తప్పించుకుపోకుండా ఉండడానికి ఆ మాత్రం చాలు. పంజాబులో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ 1954లో లండన్‌లో హాప్కిన్స్‌తో కలిసి నారల కట్టతో బొమ్మను పంపించి చూపాడు. గాజులోని మలినాలను తొలగిస్తే దూరాలకు సందేశాలు పంపవచ్చని 1966లో చార్లెస్ కావో అన్నాడు, 2009లో నోబెల్ అందుకున్నాడు. ఫైబరులో కాంతి వేగం సెకనుకు 2 లక్షల కిలోమీటర్లే. హైదరాబాద్‌కూ న్యూయార్క్‌కూ మధ్య దూరం సుమారు 13 వేల కిలోమీటర్లు. తీగ తిన్నగా వేసినా ఒకవైపు మాట చేరడానికి సెకనులో పదిహేనో వంతు పడుతుంది. వీడియో కాల్‌లో అమ్మాయితో మాట్లాడేటప్పుడు మాటకు మాట అడ్డు రావడంలో గాజు గుణకానికీ కొంత వాటా ఉంది.

గాలిలోని వంకర

గాలి గుణకం 1కి ఎంత దగ్గరైనా, వేడిని బట్టి అది మారుతుంది. మే నెలలో తారురోడ్డుకు ఆనుకున్న గాలి 65 డిగ్రీలు, కంటి ఎత్తున 40 డిగ్రీలు ఉందనుకుంటే, రెండింటి గుణకాల తేడా లక్షకు రెండు పాళ్లు. ఆకాశంనుంచి దాదాపు నేలకు సమాంతరంగా దిగే కాంతి ఈ పొరల్లో క్రమంగా వంగి, నేలను తాకకుండానే పైకి లేచి కంటికి చేరుతుంది. రోడ్డు మీద పరుచుకున్నట్టు కనిపించే నీళ్లు ఆకాశపు ముక్కే. పై తేడాకు కాంతి వంగగల కోణం డిగ్రీలో మూడోవంతు. కారులో కూర్చున్నవాడి కన్ను నేలకు 1.2 మీటర్ల ఎత్తున ఉంటే, ఆ కోణం కుదిరేది 200 మీటర్ల అవతలే. ముందుకు పోయినకొద్దీ ఆ 200 మీటర్లూ మనతోపాటే జరుగుతాయి. ఎండమావి ఎన్నటికీ అందదని లోకం ఊరికే అనలేదు. 1798లో నెపోలియన్ సైన్యంతో ఈజిప్టు వెళ్లిన గణితజ్ఞుడు గాస్పార్ మోంజ్ దీనిని శాస్త్రీయంగా వివరించాడు.

అస్తమించే సూర్యుణ్ని వాతావరణం అరడిగ్రీకి పైగా ఎత్తి చూపుతుంది. సూర్యబింబపు వెడల్పూ దాదాపు అరడిగ్రీయే. అందుకే బింబం అడుగు అంచు దిగంతాన్ని తాకినట్టు కనిపించే వేళకు సూర్యుడు నిజానికి మొత్తం కిందికి దిగిపోయి ఉంటాడు. ఉదయం రెండు నిమిషాలు, సాయంత్రం రెండు నిమిషాలు మన పగటికి ఇలా కలిసొస్తాయి.

కంటిలో

కంటికి వచ్చే కాంతిని ఎక్కువగా విరిచేది లోపలి కటకం కాదు, బయటి కార్నియా. కంటి మొత్తం శక్తి 60 డయాప్టర్లయితే అందులో 43 దానివే. కార్నియా గుణకం 1.376, నీటికి 1.33. నీటిలో కళ్లు తెరిస్తే ఈ రెండింటికీ పెద్ద తేడా లేక ఆ శక్తి చాలావరకు కరిగిపోతుంది, అంతా మసకబారుతుంది. కళ్లకు గాగుల్స్ పెట్టుకుంటే మధ్యలో గాలి చేరి చూపు తిరిగి వస్తుంది. చేపకు ఈ వెసులుబాటు లేదు కాబట్టి భారమంతా లోపలి కటకం మీదే పడింది. అందుకే అది పూర్తి గుండ్రంగా ఉంటుంది. పులుసులో ఉడికిన చేప కంటిలో తగిలే తెల్లని గుండు అదే.

1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ మొదటిసారి శుక్లం తీసిన కంటిలో ప్లాస్టిక్ కటకం పెట్టాడు. యుద్ధంలో విమానపు అద్దం పెంకులు కళ్లలో గుచ్చుకున్న పైలట్లకు ఆ ప్లాస్టిక్ హాని చేయకపోవడం ఆయన గమనించాడు. దాని గుణకం 1.49. ఇక కళ్లజోళ్ల దుకాణంలో 'హై ఇండెక్స్' అని ఎక్కువ ధర చెప్పేవి 1.67, 1.74 గుణకం ఉన్నవి. కాంతిని ఎక్కువ విరుస్తాయి కనుక అద్దం పలచగా ఉంటుంది. బదులుగా అంచుల్లో రంగులు కొద్దిగా విడిపోతాయి, ఆ మాట దుకాణంలో చెప్పరు.

హద్దుల దగ్గర

1895లో ఎక్స్ కిరణాలను కనిపెట్టిన రాంట్‌జెన్ వాటిని పట్టకాలతో విరవాలని చూసి విఫలమయ్యాడు. ఆ పౌనఃపున్యాల దగ్గర గుణకం 1కి లక్షల్లో ఒక పాలు మాత్రమే తేడాగా ఉంటుంది, పైగా 1కన్నా తక్కువ. అంటే శిఖరాలు శూన్యంలోని కాంతికన్నా వేగంగా జరుగుతాయి. ఆ శిఖరాల మీద ఏ సందేశమూ పోదు కాబట్టి సందేశానికి కాంతి వేగమే హద్దన్న ఐన్‌స్టీన్ మాటకు వచ్చిన చిక్కు లేదు. రెండో కొసన, 1999లో లీనె హావ్ బృందం అతిశీతల సోడియం వాయువులో కాంతి స్పందనను సెకనుకు 17 మీటర్లకు తగ్గించింది. సైకిలు తొక్కడంలో ఆరితేరినవాడు దాటిపోగల వేగం.

పదార్థంలో నెమ్మదించిన కాంతిని కణాలు దాటిపోగలవు. నీటిలో సెకనుకు 2,25,000 కిలోమీటర్లకు మించి పోయే ఎలక్ట్రాన్ తన వెనక నీలి వెలుగు విడుస్తుంది. 1934లో చెరెన్‌కోవ్ గుర్తించిన ఈ వెలుగు నీటి మధ్య నడిచే అణు రియాక్టర్లలో కంటికే కనిపిస్తుంది. 1956లో ట్రాంబేలో మొదలైన మన తొలి రియాక్టరుకు నెహ్రూ అప్సర అని పేరు పెట్టింది ఆ నీలాన్ని చూసేనంటారు. జపాన్‌లో గని లోతున 50 వేల టన్నుల నీరు నింపి, గోడలనిండా కాంతిని పసిగట్టే గొట్టాలు బిగించిన సూపర్ కమియోకాండె, న్యూట్రినోలు తాకినప్పుడు మెరిసే ఈ వెలుగు వలయాల కోసమే రాత్రింబవళ్లు కాచుకొని ఉంటుంది.